లాభం ఒకటి, లెక్కలు రెండు

ఢిల్లీలో ఏ ఆటో ఎక్కి ‘ఐ.టి.ఓ.’ అన్నా డ్రైవరు మరో ప్రశ్న వేయడు. ఆ మూడక్షరాలకు అర్థం ఆదాయపు పన్ను కార్యాలయమని అతనికి తెలియవచ్చు, తెలియకపోవచ్చు. ఒక సర్కారు కచేరీ పేరు ముందు కూడలికీ, తరువాత మెట్రో స్టేషనుకూ స్థిరపడిపోయింది. ఆ కూడలిలో నిలబడి నలుదిక్కులా చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఇంద్రప్రస్థ మార్గంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. దీనదయాళ్ ఉపాధ్యాయ మార్గంలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కచేరీ ఉంది. బహదూర్ షా జఫర్ మార్గం పొడుగునా పత్రికల భవనాలున్నాయి. పన్ను వసూలు చేసేవారు, దానిని లెక్కకట్టేవారు, ఆ వసూలును తనిఖీ చేసేవారు, ఆ తనిఖీ గురించి రాసేవారు, అందరూ ఒకరికొకరు కూతవేటు దూరంలోనే ఉన్నారు. లేనివారు ఒక్కరే. ఆ పన్నుకు చట్టం చేసేవారు కొద్ది మైళ్ల అవతల పార్లమెంటులో ఉంటారు. ఆ దూరం మైళ్లలో కొలిచేది కాదని ఈ వారం చెప్పదలచుకున్నాను.

బడ్జెటు రోజున మన పత్రికలన్నీ, మా పత్రికతో సహా, పన్ను రేటును పతాక శీర్షికలో పెడతాయి. కంపెనీల పన్ను ఇన్ని శాతం తగ్గిందనో, పెరిగిందనో రాస్తాము. పాఠకునికి అర్థమయ్యేది అదే, మాకు అర్థమయ్యేదీ అదే. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని ఈ వృత్తిలోకి వచ్చిన నాకు రేటు వెనుక ఉన్న అసలు ప్రశ్న బోధపడడానికి చాలా ఏళ్లు పట్టింది. ముప్పై శాతం సరే, దేనిలో ముప్పై శాతం? లాభంలో అనుకుంటాము. ఏ లాభంలో?

గుంటూరు నుండి వచ్చి లక్ష్మీనగర్‌లో ఆఫీసు పెట్టుకున్న ఒక అకౌంటెంటు మిత్రుడు నాకు ఈ పాఠం చెప్పారు. “మీ తాతగారి కాలంలో షావుకారు దగ్గర చిట్టా ఒకటి, ఆవర్జా ఒకటి ఉండేవి. రెండింటిలోనూ లాభం ఒకటే తేలేది. ఈనాటి కంపెనీకి లాభం రెండు చోట్ల రెండు విధాలుగా తేలుతుంది. రెండూ నిజమే, రెండూ చట్టబద్ధమే” అన్నారాయన. ఇవి కాకిలెక్కలు కావు. దొంగ ఖాతాల సంగతి వేరు. ఇక్కడ నేను చెబుతున్నది నిజాయితీగా రాసిన ఖాతాల సంగతి.

వాటాదారులకు చూపే లాభాన్ని కంపెనీల చట్టం ప్రకారం లెక్కిస్తారు. పన్ను శాఖకు చూపే ఆదాయాన్ని ఆదాయపు పన్ను చట్టం ప్రకారం లెక్కిస్తారు. మొదటి లెక్కలో తేలిన లాభంతోనే రెండవ లెక్క మొదలవుతుంది. పన్ను చట్టం అంగీకరించని ఖర్చులను లాభానికి తిరిగి కలుపుతారు. ఆ చట్టం ఇచ్చే మినహాయింపులను తీసివేస్తారు. చివరకు మిగిలినదే పన్ను కట్టవలసిన ఆదాయం. ఖర్చు అనే మాటకు కూడా రెండు చోట్లా ఒకే అర్థం లేదు. ఒక మందుల కంపెనీ వైద్యులకిచ్చిన కానుకలను వ్యాపార ఖర్చుగా చూపితే అది చెల్లదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొని, ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల గడువులో సొమ్ము చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోరాదని 2023లో పార్లమెంటు చట్టం చేసింది.

ఈ రెండు లెక్కల మధ్య అన్నిటికంటె పెద్ద అగాధం తరుగుదల దగ్గర ఏర్పడుతుంది. ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. సంవత్సరం 2016-17. సర్‌చార్జి, సెస్సులను పక్కన పెడదాం. కంపెనీకి యంత్రాల తరుగుదల తీయకముందు రూ. 50 లక్షలు మిగిలింది. ఏడాది ఆరంభంలో కోటి రూపాయలు పెట్టి కొత్త యంత్రం కొని పుణెలో నెలకొల్పింది. కంపెనీల చట్టం ఆ యంత్రానికి 15 ఏళ్ల ఆయుర్దాయం ఇస్తుంది. చివరకు మిగిలే 5 శాతం విలువ పోగా, ఏడాదికి సమానంగా రూ. 6.33 లక్షలు తరుగుదల. వాటాదారులు చూసే లాభం రూ. 43.67 లక్షలు.

పన్ను చట్టం ఇదే యంత్రాన్ని మరో కంటితో చూస్తుంది. సాధారణ తరుగుదల 15 శాతం, కొత్త యంత్రం పెట్టిన పారిశ్రామికునికి ప్రోత్సాహంగా అదనంగా మరో 20 శాతం. మొత్తం రూ. 35 లక్షలు మొదటి ఏడాదే తీసివేయవచ్చు. పన్ను కట్టవలసిన ఆదాయం రూ. 15 లక్షలకు దిగింది. దానిపై 30 శాతం చొప్పున పన్ను రూ. 4.50 లక్షలు. వాటాదారులకు చూపిన లాభంతో పోల్చితే ఇది పది శాతం చిల్లర మాత్రమే. రేటు ముప్పై, కట్టినది పది. మధ్యలో ఎవరూ అబద్ధమాడలేదు.

యంత్రాలు ఏటా కొంటూ, మినహాయింపులన్నిటినీ ఒక క్రమంలో పేర్చుకోగల పెద్ద కంపెనీకి ఈ పది కూడా సున్నా కావచ్చు. పోయిన శతాబ్దం ఎనభైలలో సరిగ్గా అదే జరిగింది. కోట్లలో లాభాలు ప్రకటించి, వాటాదారులకు డివిడెండ్లు పంచి, పన్ను శాఖకు మాత్రం ఆదాయం లేదని చూపే కంపెనీలు పెరిగాయి. ‘సున్నా పన్ను కంపెనీలు’ అన్న మాట అప్పుడే వాడుకలోకి వచ్చింది.

ఆనాటి నుండి పార్లమెంటు ఈ అగాధాన్ని పూడ్చడానికి చేసిన యత్నాల చరిత్ర చదివితే పట్టుదల కంటె తడబాటే ఎక్కువగా కనిపిస్తుంది. 1983లో ఆర్థికమంత్రిగా ప్రణబ్ ముఖర్జీ, కొన్ని రాయితీలు ఎన్ని ఉన్నా వాటన్నిటినీ కలిపి లాభంలో 70 శాతానికి మించి మినహాయించరాదని గిరి గీశారు. అది చాలలేదు. 1987లో ప్రధాని రాజీవ్ గాంధీ ఆర్థికశాఖను కూడా తన చేతిలో ఉంచుకుని బడ్జెటు సమర్పించినప్పుడు మరో మార్గం పట్టారు. పన్ను చట్టం లెక్క ఏమి చెప్పినా, వాటాదారులకు చూపిన లాభంలో 30 శాతాన్ని ఆదాయంగా భావించి దానిపై పన్ను వేయాలన్నారు. మీరు మీ వాటాదారులకు ఏమి చెప్పారో దానినే మేమూ నమ్ముతాము అన్నదే ఇందులోని సూత్రం. 1990లో మధు దండావతే ఆర్థికమంత్రిగా ఉండగా దానిని తొలగించారు. 1996లో చిదంబరం తిరిగి తెచ్చారు. 2000లో యశ్వంత్ సిన్హా దానిని కొత్తగా మలచి పుస్తక లాభంపై నేరుగా 7.5 శాతంగా నిర్ణయించారు. అది మెల్లగా పెరుగుతూ 2011 నాటికి 18.5 శాతానికి చేరింది. ఇదే కనీస ప్రత్యామ్నాయ పన్ను, వాడుకలో ‘మాట్’.

మన ఊహా కంపెనీకి దీనిని వర్తింపజేస్తే పన్ను చట్టం లెక్కలో తేలిన రూ. 4.50 లక్షలు చెల్లదు. పుస్తక లాభం రూ. 43.67 లక్షలపై 18.5 శాతం, అంటే రూ. 8.08 లక్షలు కట్టవలసిందే. ఎక్కువగా కట్టిన రూ. 3.58 లక్షలు కంపెనీ పేర జమగా ఉంటుంది. ముందు ముందు మామూలు పన్ను మాట్ కంటె ఎక్కువైన ఏడాది ఆ తేడా మేరకు వాడుకోవచ్చు. ఆ జమకు అప్పట్లో గడువు 10 ఏళ్లు. 2017లో దానిని 15 ఏళ్లకు పెంచారు.

ఇంతవరకు చెప్పినది దేశమంతటికీ చెందిన కథ. ఇక మన కథకు వస్తాను.

2014 ఫిబ్రవరి 20న రాష్ట్ర విభజన బిల్లుపై రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటన తెలుగువారందరికీ గుర్తే. ప్రత్యేక హోదా మాట అందరి చెవులకూ ఎక్కింది. అదే ప్రకటనలో, కొన్ని ఇతర రాష్ట్రాలకు ఇచ్చిన తరహాలో పన్ను ప్రోత్సాహకాలు రెండు రాష్ట్రాలకూ ఉంటాయన్న మాట కూడా ఉంది. విభజన చట్టం 94వ సెక్షను దానికి ఆధారం. ఇతర రాష్ట్రాలకు ఇచ్చిన తరహా అంటే ఏమిటి? 2003లో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌లకు ఇచ్చిన ప్యాకేజీలో, కొత్త పరిశ్రమకు మొదటి 5 ఏళ్లు లాభమంతా మినహాయింపు. తరువాతి 5 ఏళ్లు కంపెనీలకు లాభంలో 30 శాతం మినహాయింపు.

మనకు వచ్చినది వేరు. 2015 బడ్జెటులో అరుణ్ జైట్లీ రెండు రాయితీలు ప్రకటించారు. వెనుకబడిన ప్రాంతాలలో పెట్టే కొత్త పరిశ్రమకు యంత్రాల అదనపు తరుగుదల 20 శాతానికి బదులు 35 శాతం. యంత్రాల ఖరీదులో మరో 15 శాతం పెట్టుబడి భత్యం. 2020 మార్చి 31 వరకు గడువు. బిల్లు ఆమోదం పొందే నాటికి బీహారు, పశ్చిమ బెంగాల్ కూడా జాబితాలో చేరాయి. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమలోని నాలుగు, ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాలనూ, తెలంగాణలో నాటి పది జిల్లాలలో హైదరాబాదు మినహా తక్కినవాటినీ ప్రకటించారు. హిమాచల్‌కు లాభంపై ఇచ్చారు, మనకు యంత్రం ఖరీదుపై ఇచ్చారు. ఈ తేడాను ఆనాడు మేమెవ్వరమూ విడమరచి రాయలేదు. నేనూ రాయలేదు. శాతాలు రాసి వార్త పంపి ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ ఊహా కంపెనీ తన కోటి రూపాయల యంత్రాన్ని పుణెలో కాక అనంతపురంలో పెట్టిందనుకోండి. సాధారణ తరుగుదల రూ. 15 లక్షలు, అదనపు తరుగుదల రూ. 35 లక్షలు, పెట్టుబడి భత్యం రూ. 15 లక్షలు, మొత్తం రూ. 65 లక్షలు. మిగులు రూ. 50 లక్షలే కనుక ఆదాయం సున్నా. పైగా రూ. 15 లక్షలు వచ్చే ఏటికి మిగిలింది. పన్ను చట్టం లెక్కలో కట్టవలసిన పన్ను కూడా సున్నా. వినడానికి ఎంత ఇంపుగా ఉంది!

అయితే మాట్ ఉంది కదా. మాట్ చూసేది వాటాదారుల పుస్తకాన్ని. ఆ పుస్తకంలో అదనపు తరుగుదల లేదు, పెట్టుబడి భత్యం లేదు. అక్కడ లాభం పుణెలో ఎంతో అనంతపురంలోనూ అంతే, రూ. 43.67 లక్షలు. కట్టవలసిన పన్ను కూడా అంతే, రూ. 8.08 లక్షలు. కరవు సీమలో పరిశ్రమ పెట్టిన వానికీ, అన్ని వసతులూ ఉన్న నగరంలో పెట్టిన వానికీ ఆ ఏడాది ఖజానాకు కట్టే సొమ్ములో ఒక్క రూపాయి తేడా లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మన పెద్దలు ఊరకే అనలేదు.

న్యాయంగా చెప్పాలంటే వరం పూర్తిగా పోలేదు. పుణె కంపెనీ పేర జమ రూ. 3.58 లక్షలైతే, అనంతపురం కంపెనీ పేర జమ రూ. 8.08 లక్షలు. ప్రోత్సాహకం చేతికందే సొమ్ముగా కాక, భవిష్యత్తులో చెల్లే చీటీగా మిగిలింది. కొత్త పరిశ్రమకు సొమ్ము అవసరమయ్యేది మొదటి ఏళ్లలో. చీటీ చెల్లేది ఆఖరి ఏళ్లలో.

ఆ చీటీకి కూడా 2019లో ఒక పరీక్ష వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 20న పార్లమెంటు సమావేశాలు లేవు. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గోవాలోని పణజీలో జి.ఎస్.టి. మండలి సమావేశానికి ముందు విలేఖరులను పిలిచి, ఆర్డినెన్సు ద్వారా కంపెనీల పన్ను తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. మినహాయింపులు వదులుకునే కంపెనీకి రేటు 22 శాతం, సర్‌చార్జి, సెస్సు కలిపి 25.17 శాతం. అటువంటి కంపెనీకి మాట్ లేదు. పాత పద్ధతిలోనే ఉండేవారికి మాట్‌ను 18.5 నుండి 15 శాతానికి తగ్గించారు. వీటివల్ల ఏటా రూ. 1,45,000 కోట్ల ఆదాయం తగ్గుతుందని ప్రభుత్వమే అంచనా చెప్పింది. ఇంతటి నిర్ణయం పార్లమెంటులో చర్చకు వచ్చేసరికి డిసెంబరు అయింది. అప్పటికే అది అమలులో ఉంది.

కొత్త రేటు కావాలంటే వదులుకోవలసిన మినహాయింపుల జాబితాలో అదనపు తరుగుదల ఉంది, వెనుకబడిన ప్రాంతాల పెట్టుబడి భత్యం కూడా ఉంది. అంతేకాదు, పాత మాట్ జమను కొత్త పద్ధతిలో వాడుకోరాదని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2019 అక్టోబరులో స్పష్టం చేసింది. కావాలంటే జమ తీరేదాకా పాత పద్ధతిలోనే ఉండి, ఆ తరువాత మారవచ్చునన్నారు. అనంతపురం కంపెనీ ముందు అప్పుడు రెండు దారులుండేవి. తక్కువ రేటు కోరితే చేతిలోని చీటీని చించివేయవలసి వచ్చేది. చీటీ ఉంచుకుంటే పాత రేటులో కొనసాగవలసి వచ్చేది. అక్కడ ఏమీ వదులుకోనవసరం లేని, యంత్రాలతో పెద్దగా పనిలేని కంపెనీకి మాత్రం తక్కువ రేటు అచ్చంగా లాభమే. రాయలసీమకు ఇచ్చిన మాటను ఎవరూ రద్దు చేయలేదు. లెక్కకట్టే పద్ధతి మారింది, దానితో ఆ మాట విలువ తగ్గింది.

కొత్త పద్ధతిని నేను కేవలం తప్పుపట్టడం లేదు. మన రేటు ఎక్కువ, కానీ మినహాయింపుల వల్ల నికరంగా వచ్చే పన్ను దాదాపు 23 శాతమేనని, రెండు విధాలా నష్టపోతున్నామని జైట్లీ 2015 బడ్జెటు ప్రసంగంలోనే చెప్పారు. తక్కువ రేటు, తక్కువ మినహాయింపులు అన్న సూత్రం సబబైనదే. రేటుకూ కట్టిన పన్నుకూ మధ్య దాపరికం తగ్గుతుంది. నా అభ్యంతరం సూత్రంపై కాదు. ఒక ప్రాంతానికి పార్లమెంటు ఇచ్చిన వాగ్దానం ఒక లెక్క వరుసలో కరిగిపోతుంటే, ఆ సంగతి పార్లమెంటులో మార్మోగకపోవడంపై.

చిన్నవాని లెక్క ఎలా ఉందో కూడా చూడాలి. విజయవాడ లారీ యజమాని సంగతి తీసుకోండి. పది లారీలకు మించని వానికి 1994 నుండి ఒక ఊహా లెక్క ఉంది. 2018 నుండి బరువు లారీకి, సరుకుతో సహా అనుమతించిన మొత్తం బరువులో టన్నుకు నెలకు వెయ్యి రూపాయలు ఆదాయంగా భావిస్తారు. 25 టన్నుల లారీ అయితే ఏడాదికి రూ. 3 లక్షలు ఆదాయమన్నమాట. డీజిలు ధర పెరిగినా, కిరాయి దొరక్క లారీ ఆటోనగర్‌లో నిలిచిపోయినా లెక్క మారదు. బండి సొంతమై ఉన్నంతకాలం ఆదాయం ఉన్నట్టే. కాదంటే ఖాతాలు రాసి, ఆడిట్ చేయించి నిరూపించుకోవచ్చు. ఆ శ్రమ, ఆ ఫీజు భరించలేకనే చాలామంది ఊహా లెక్కకు తల ఊపుతారు. ఇందులో సులువు ఉంది, కాదనను. అయితే ఒక తేడాను గమనించండి. పెద్ద కంపెనీ తన ఆదాయానికి అర్థాన్ని చట్టంలో వెతుక్కుంటుంది. లారీ యజమాని ఆదాయాన్ని చట్టమే ముందుగా రాసి పెడుతుంది.

పొరుగున ఉన్న పాకిస్తాన్‌లో కంపెనీకి నష్టం వచ్చినా అమ్మకాలపై కనీస పన్ను ఉంది. లాభం లెక్కను నమ్మలేని ప్రభుత్వం అమ్మకాల లెక్కను పట్టుకుంది. బహుళజాతి సంస్థలకు ప్రపంచమంతటా కనీసం 15 శాతం పన్ను ఉండాలని 2021 అక్టోబరులో 136 దేశాలు ఒప్పుకున్నాయి. భారత్ అందులో చేరింది. పాకిస్తాన్, శ్రీలంక అప్పుడు దూరంగా ఉన్నాయి. దాదాపు నాలుగు దశాబ్దాల క్రితం మన పార్లమెంటును వేధించిన సమస్యనే, అంటే లాభమున్న చోట పన్ను లేకపోవడాన్ని, ప్రపంచం ఈనాడు మరో పేరుతో ఎదుర్కొంటున్నది.

పన్ను ఎవరు కడుతున్నారన్న ప్రశ్నకు ఖజానా అంకెలే జవాబు చెబుతాయి. 2018-19లో కంపెనీల పన్ను సుమారు రూ. 6.63 లక్షల కోట్లు. వ్యక్తుల ఆదాయపు పన్ను అంతకంటె తక్కువ. 2023-24 నాటికి కంపెనీల పన్ను రూ. 9.11 లక్షల కోట్లకు పెరిగింది. కానీ వ్యక్తుల పన్ను రూ. 10.44 లక్షల కోట్లకు చేరి దానిని దాటింది. జీతం రాకముందే పన్ను కోత పడే ఉద్యోగికి రెండు లెక్కల వెసులుబాటు లేదు. అతని చిట్టా, ఆవర్జా రెండూ యజమాని దగ్గరే ఉంటాయి.

చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతున్నది. చట్టం అంటే చర్చ అని మనం అనుకుంటాము. 2018 మార్చిలో ఆర్థిక బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండా గిలటిన్ కింద ఆమోదం పొందింది. 2023 మార్చి 24న 64 అధికార సవరణలతో, గందరగోళం మధ్య, మళ్లీ చర్చ లేకుండానే సాగింది. ద్రవ్య బిల్లు కనుక రాజ్యసభకు దానిని ఆపే అధికారం లేదు. నేను ప్రెస్ గ్యాలరీ నుండి చూసిన ఆర్థిక బిల్లులలో, ఒక తరుగుదల శాతాన్ని పట్టుకుని మంత్రిని నిలదీసిన సభ్యులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. హోదా కోసం పోడియం ముందుకు దూసుకుపోయిన మన సభ్యులను చాలామందిని చూశాను. వారి ఆవేదనను నేను శంకించను. విభజన చట్టంలో రాసి ఉన్న ప్రోత్సాహకం ఏ లెక్కలో చేరుతుంది, ఏ లెక్కలో చేరదు అన్న ప్రశ్న మాత్రం ఆ నినాదాలలో నాకు వినిపించలేదు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. 819 సెక్షన్లను 536కు తగ్గించారు, భాషను సరళం చేశారు. ఆ పని మెచ్చుకోదగినదే. అయితే వాక్యాలు పొట్టివైనంత మాత్రాన లెక్క తేట పడదు. ప్రభుత్వం ఒక ప్రాంతానికో, ఒక పరిశ్రమకో రాయితీ ప్రకటించినప్పుడు, ఆర్థిక బిల్లుతో పాటు ఒక్క పేజీ నమూనా లెక్కను సభ ముందు పెట్టాలి. కోటి రూపాయల యంత్రం ఇక్కడ పెడితే ఈ ఏడు ఎంత కట్టాలి, అక్కడ పెడితే ఎంత కట్టాలి అని అంకెలతో చూపాలి. ఆ పేజీ 2015లో ఉండి ఉంటే, అనంతపురం వరుసలోనూ పుణె వరుసలోనూ రూ. 8.08 లక్షలే కనిపించి ఉండేది. మన సభ్యులు ఆనాడే లేచి అడిగి ఉండేవారు. నేను కూడా శాతాలు మాత్రమే రాసి పంపి ఉండేవాడిని కాదు.